ఇసుక, తకిలీ, చింతగింజలు

1823 ఆగస్టు 17న బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. తన జిల్లాలో బడులు ఎన్ని ఉన్నాయి, ఎందరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు, ఎలా చదువుతున్నారు అన్నది అందులో సంగతి. ఆ లెక్కలు అడిగింది గవర్నరు థామస్ మన్రో, అంతకు ముందటేడు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి పంపారు. క్యాంప్‌బెల్ మాత్రం అరుగు మీద పిల్లల పక్కన కూర్చుని చూసినట్టు రాశాడు. అప్పటి బళ్లారి జిల్లా చాలా పెద్దది. 1882లో విడదీసేదాకా మా అనంతపురం అందులోదే. రాయదుర్గం తాలూకా అయితే 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారిలోనే ఉంది. అంటే ఆ కాగితాల్లో ఉన్నవి మా ఊళ్ల బడులే. ఆ ఊళ్లలోనే నేను ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదువు చెప్పి రిటైరయ్యాను. అందుకే ఆ నివేదిక నాకు ప్రభుత్వ పత్రంలా అనిపించదు. నాకన్నా ముందు అదే పని చేసినవాళ్ల గురించి ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది.

జిల్లాలో మొత్తం 533 బడులు. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. మిగిలినవి మరాఠీ, పారశీకం, సంస్కృతం, తమిళం. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. చదివేవాళ్లు 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది. తొమ్మిది లక్షలు దాటిన జనాభాలో అరవైమంది ఆడపిల్లలు! మా అవ్వకు అక్షరం రాదు. ఆమె అవ్వ ఆ అరవైమందిలో ఉండే వీలే లేదు. ఆ అంకె దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను.

చదువు మొదలయ్యేది ఇసుకలో. నేల మీద ఇసుక పరిచి, వేలితో అక్షరం దిద్దించేవాళ్లు. చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద రెల్లుకలంతోనో రాయనిచ్చేవాళ్లు. ఒక్కోచోట ఈశ్వరి ఆకుల మీద కూడా రాసేవాళ్లట. మా వైపు ఎక్కువగా వాడినవి రెండు. ఒకటి చెక్కపలక: మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు. చిత్రిక పట్టిన చెక్కకు కాస్త అన్నం, నూరిన బొగ్గు కలిపి పూస్తే చాలు, రాసుకోవచ్చు. రెండోది కడితం: బట్టను గంజిలో ముంచి బిరుసు చేసి, పుస్తకంలా మడతలు వేసి, బొగ్గూ కొన్ని రకాల జిగురూ కలిపి పట్టించేవాళ్లు. వీటి మీద రాయడానికి తెల్లటి బలపం, తుడవడానికి తడిగుడ్డ. ఇందులో ఊరు దాటి తెచ్చుకోవలసిన వస్తువు దాదాపు ఏదీ లేదు. వడ్లవాని దగ్గర చెక్క, పొయ్యిలో బొగ్గు, వంటింట్లో గంజి, వంకలో ఇసుక.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవాళ్లు, అయ్యవారు పెద్దపిల్లలకు చెప్పేవాడు. క్యాంప్‌బెల్ దీన్ని మెచ్చుకుని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం న్యాయమేనని రాశాడు. ఆ అనుకరణకు ఒక కథ ఉంది. ఆండ్రూ బెల్ అనే మతగురువు 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని చూసుకునేవాడు. ఒకరోజు దారిలో ఒక వీధిబడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. తన బడిలోనూ అలా చెప్పమంటే కింది మాస్టర్లు కుదరదన్నారు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఒక సిపాయి కొడుక్కి, పసివాడికి, చిన్న తరగతిని అప్పగించాడు. పిల్లలు నేర్చుకున్నారు. 1797లో బెల్ ఆ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా వేశాడు. ఇసుక పళ్లెం, పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతి ఇంగ్లండు పేదల బడులకు ఎక్కాయి. దానికి అక్కడ పెట్టిన పేరు మద్రాసు పద్ధతి. కొన్నేళ్లకు అదే పద్ధతి కొత్త పేరు తగిలించుకుని, సీమ సరుకుగా మన ట్రైనింగు స్కూళ్లకు తిరిగొచ్చింది.

వీధిబడి అంటే అంతా మంచే అని చెప్పడానికి నాకు మనసొప్పదు. పొద్దున అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లు, రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాళ్లకు ఒక్కొక్కటి పెరుగుతూ పోయేది. ఇరవయ్యోవాడి సంగతి ఊహించుకోండి. చదివించే పద్యాల భాష ఒకటి, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఇంకొకటి. పుస్తకం మొత్తం అప్పజెప్పగలిగిన పిల్లవాడికి అందులో ఒక్క వాక్యానికి అర్థం తెలియదని క్యాంప్‌బెల్ బాధపడ్డాడు. బడులు తగ్గిపోతుండటానికి ఆయన చెప్పిన కారణం మరీ ముఖ్యమైంది. సీమ బట్ట దిగుమతై నేతగాళ్ల బతుకు చితికిపోయింది, దేశం పేదదైపోతోంది, తిండికి లేనివాళ్లు పిల్లలను బడికి ఎలా పంపుతారు అన్నాడు. కంపెనీ కలెక్టరు కంపెనీకే రాసిన మాట అది.

ఆ తర్వాతి వందేళ్లలో చేతితో చేసే చదువు మరింత చిక్కిపోయింది. 1860ల్లో మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి పిల్లవాణ్ని నిలబెట్టి చదవమనేవాడు, రాయమనేవాడు, లెక్క చెయ్యమనేవాడు. ఎందరు నెగ్గితే అంత డబ్బు. అయ్యవారి కూడు పిల్లవాడి జ్ఞాపకశక్తి మీద ఆధారపడ్డాక ఇసుకలో ఆటలకు చోటెక్కడిది? 1906లో ఉత్తర సర్కారులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ బడి పుస్తకాల తెలుగుకూ జనం తెలుగుకూ పొంతన ఎందుకు లేదని అడగడం, దాన్ని గిడుగు రామమూర్తి గారు పట్టుకుని జీవితమంతా పోరాడటం అందరికీ తెలిసిన కథే. నా దృష్టిలో అది భాష గొడవ మాత్రమే కాదు. పిల్లవాడు తన నోటితో తన మాట చెప్పగలిగితేనే తరగతిలో ఏదైనా చెయ్యగలడు. గిడుగు వారు పర్లాకిమిడిలో సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాసింది కూడా ఇందుకే.

ఇక నూలు వడికే తకిలీ. ఇది నేను మా నాన్న నోట విన్న చరిత్ర. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ఒక విద్యా మహాసభ జరిపించారు. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఏడేళ్ల చదువు, మాతృభాషలో, ఒక చేతివృత్తి చుట్టూ సాగాలన్నారు. పిల్లలు చేసిన వస్తువులు అమ్మితే టీచరు జీతం వెళ్లాలన్నది గాంధీజీ ఆశ. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పద్ధతిలో పల్లెల్లో బేసిక్ స్కూళ్లు తెరిచారు. మా నాన్న బేసిక్ ట్రైనింగు అయినవాడు. 1950ల్లో రాయదుర్గం పక్క ఒక పల్లెలో చదువు చెప్పాడు. ఆయన తకిలీ, ఇత్తడి బిళ్ల, సన్నని ఉక్కు పుల్ల, మా ఇంట్లో దేవుడి గూటిలో ఉండేది.

ఆయన చెప్పిన ఒక లెక్క నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. వడికిన నూలును నాలుగడుగుల చుట్టుగా చుడతారు. 640 చుట్లు పడితే ఒక చిలప. అయితే చిలపలో నూలు ఎన్ని గజాలు? పిల్లలు 640ని 4తో గుణించాలి, 2,560 అడుగులు వస్తాయి. మూడుతో భాగిస్తే 853 గజాలు, ఒక అడుగు మిగులుతుంది. “ఆ మిగిలిన అడుగు ఎక్కడుందో చూపించురా” అని అడిగేవాడట మా నాన్న. పిల్లలు నూలు చివర పట్టుకుని కొలిచి చూపించేవాళ్లు. శేషం అనేది పలక మీద రాసే అంకె మాత్రమే కాదు, చేతికి తగిలే దారం కూడా. పత్తి ఎక్కడ పండుతుంది అంటే తాడిపత్రి, గుత్తి వైపు నల్లరేగడి గురించి చెప్పడం భూగోళం. మాంచెస్టరు బట్ట వచ్చి సాలెవాళ్ల మగ్గాలు ఎలా ఆగిపోయాయో చెప్పడం చరిత్ర. క్యాంప్‌బెల్ చెప్పిన నేతగాళ్ల సంగతి, ఆ పేరు ఎన్నడూ వినని మా నాన్న, తకిలీ పట్టుకుని అదే జిల్లాలో చెబుతూ ఉన్నాడు.

ఈ తకిలీ చదువు ఎందుకు నిలవలేదు? పెద్ద పుస్తకాల్లో చాలా కారణాలు రాశారు. మా నాన్న చెప్పేవి రెండే. ఒకటి, ఏకులు సమయానికి వచ్చేవి కావు. వచ్చినా పిల్లలు వడికిన నూలు ముళ్లుపడి ఉండేది, నేతకు పనికిరాదని తిప్పి పంపేవాళ్లు. తనిఖీకి వచ్చినవాళ్లు నూలు తూకం పుస్తకం చూసేవాళ్లు గానీ, శేషం ఎక్కడుందని పిల్లలను అడిగినవాళ్లు లేరు. రెండోది ఇంకా లోతైంది. కూలినాలి చేసుకునే తల్లిదండ్రులు వచ్చి, “మా పనులు మా ఇంట్లోనే నేర్పిస్తాం సామీ, మీరు అక్షరం నేర్పండి” అనేవాళ్లు. పట్నంలో కలవారి పిల్లలు ఇంగ్లీషు చదువుతుంటే తమ పిల్లల చేతికి తకిలీ ఇవ్వడం వాళ్లకు అవమానంగా తోచింది. ఆ మాటలో న్యాయముందని మా నాన్న ఒప్పుకునేవాడు. నేనూ ఒప్పుకుంటాను. చేతిపని చదువు అందరికీ ఒకేలా ఉండాలి గానీ పేదపిల్లలకు మాత్రమే కేటాయిస్తే అది చదువు కాదు. 1964-66 కొఠారి కమిషన్ దాన్నే పని అనుభవం అని కొత్త రూపంలో చెప్పింది. నేను చదువుకునే రోజుల్లో అది టైంటేబుల్లో ఒక పీరియడుగా మిగిలింది. ఆ పీరియడులో మేం బడి ఆవరణ ఊడ్చేవాళ్లం.

నేను ఉద్యోగంలో చేరింది 1980ల చివర్లో. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి. అప్పటిదాకా ఒకే టీచరుతో నడిచిన బడులకు రెండో మనిషి రావడమే పెద్ద పండగ. సామగ్రి ఇనుప పెట్టెలో వచ్చింది: పటాలు, గ్లోబు, సైన్సు కిట్టు, చిన్న పనిముట్ల కిట్టు, లెక్కల పూసలు, కథల పుస్తకాలు. చాలా బడుల్లో ఆ పెట్టె తాళం తెరుచుకోలేదు. భూతద్దం పగిలితే ఎవరు కట్టాలి, ఆడిట్‌లో పూస తక్కువైతే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయం. స్టాక్ రిజిస్టరులో ప్రతి వస్తువూ పదిలంగా ఉంది. ఒక బడిలో పిల్లలు గ్లోబును కిటికీ ఊచల సందులోంచి చూసి, నీలంగా ఉన్నది ఆకాశమని అనుకున్నారు.

ఆ రోజుల్లోనే మా అందరి చేతుల్లోకి ఇంకొకటి వచ్చింది. దాని పూర్తి పేరు ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. మేమంతా ఏపీపీఈపీ అనేవాళ్లం. డబ్బిచ్చింది బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఓడీఏ. 1980ల మధ్యలో ప్రయోగంగా మొదలై, ఆ దశాబ్దం చివర రాష్ట్రమంతా పాకి, 1996 దాకా నడిచింది. దాని వెనక ఉన్న ఆలోచనల్లో చాలా భాగం 1967లో ఇంగ్లండులో వచ్చిన ప్లౌడెన్ నివేదిక నాటి ఆలోచనలే. ఇసుక పళ్లెం పోయి వచ్చిన దారినే ఇదీ వచ్చిందన్నమాట. ఆరు సూత్రాలు మాకు కంఠతా వచ్చేవి. కృత్యాలు టీచరే తయారు చెయ్యాలి. పిల్లలు చేస్తూ, కనిపెడుతూ, ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవాలి. ఒంటరిగా, జట్లుగా, తరగతి మొత్తంగా పని చెయ్యాలి. పిల్లల మధ్య తేడాలను గుర్తించాలి. ఊళ్లో ఉన్న పరిసరాలను వాడుకోవాలి. పిల్లలు చేసింది గోడల మీద అందంగా పెట్టాలి.

ఈ ఆరింటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది మొదటిది. టీచరే తయారు చెయ్యాలి! పెట్టె రాదు, తాళం లేదు. ఉపాధ్యాయ కేంద్రం పేరుతో పక్కపక్క ఊళ్ల టీచర్లం ఒకచోట కలిసేవాళ్లం. ఒకరు మాదిరి పాఠం చెప్పేవాళ్లు, తక్కినవాళ్లం దాన్ని విప్పి చూసేవాళ్లం. పాటలు పాడటానికి మొదట్లో పెద్దవాళ్లు సిగ్గుపడ్డారు, తర్వాత గంతులేశారు. గిజుభాయి బధేకా 1932లో గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’గా, జపాన్ పిల్ల టొట్టోచాన్ కథ ‘రైలుబడి’గా చేతులు మారుతూ అట్టలు ఊడిపోయేదాకా తిరిగాయి. జనవిజ్ఞాన వేదిక వాళ్ల ‘చెకుముకి’లో వచ్చిన ప్రయోగాలు కత్తిరించి దాచుకునేవాళ్లం.

చింతగింజల కృత్యం నేను అక్కడే నేర్చుకున్నాను. చింతగింజను వేయించి, నడిమికి చీలిస్తే ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. అష్టాచెమ్మా ఆడేవాళ్లకు అవే గవ్వలు. పది బద్దలు పిల్లవాడి గుప్పిట్లో పెట్టి నేల మీద వెయ్యమంటాం. నల్లవి ఏడు పడితే తెల్లవి మూడు. రాసుకుంటాడు. మళ్లీ వేస్తాడు, నాలుగు, ఆరు. మళ్లీ. కాసేపటికి ఒకటో తరగతి పిల్ల తనంతట తానే నల్లవి మాత్రం లెక్కపెట్టి తెల్లవి ఎన్నో చూడకుండానే రాసేస్తుంది. ఎలా తెలిసిందే అంటే, “మిగిలినవి అవే కదా టీచర్” అంటుంది. తీసివేత ఆ క్షణాన పుట్టింది ఆ పిల్లలో. ఇక పదికి పదీ తెల్లవే పడినప్పుడు గోల. నల్లవి ఎన్ని రాయాలి? కొందరు గీత పెట్టారు, కొందరు వదిలేశారు. ఒకడు లేచి “ఏం లేదని రాయాల” అన్నాడు. ఏం లేదని ఎలా రాస్తావురా అంటే బలపంతో సున్న చుట్టాడు. సున్నను అంత గౌరవంగా స్వాగతించిన తరగతిని నేను మళ్లీ చూడలేదు.

ఒకటో తరగతికి వేదవతి ఏటి ఇసుక కూడా తెప్పించాను. వెడల్పాటి పళ్లెంలో పోసి వేలితో దిద్దించాను. పలక పగిలిన పిల్లలు, కొనలేని పిల్లలు దాని చుట్టూ చేరేవాళ్లు. తప్పు రాస్తే పళ్లెం కుదిపితే చాలు, చెరిగిపోతుంది. తప్పంటే భయం లేకుండా రాయడం పిల్లలకు ఎంత హాయో అప్పుడు చూశాను. క్యాంప్‌బెల్ నివేదిక చదివింది ఆ తర్వాత చాలా ఏళ్లకు.

పెద్ద తరగతులతో చేసిన వాటిలో బావుల పని గురించి కాస్త నింపాదిగా చెప్పాలి. కల్యాణదుర్గం వైపు ఒక పల్లె. నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో. ఊళ్లో బోర్లు వరసపెట్టి పడుతున్న కాలం, పాత బావులు ఎండుతున్న కాలం. నీటి పాఠం చెబుతుంటే ఒక పాప, “మా బాయిలో నీళ్లు యాడికి పోయినాయి టీచర్?” అంది. పుస్తకంలో దానికి జవాబు లేదు. సరే, ఊరి బావులన్నీ మనమే తెలుసుకుందాం అన్నాను. ప్రశ్నలు పిల్లలే పెట్టుకున్నారు. బావి పేరేమిటి, ఎవరు తవ్వించారు, ఎన్ని నిలువుల లోతు, నీళ్లు ఎట్లా తోడేవాళ్లు, ఎప్పుడు ఎండింది.

మరుసటి రోజు తెచ్చిన కబుర్లలో సగం ఎద్దులతో నీళ్లు తోడే కపిల గురించే. పిల్లలెవరూ కపిల చూడలేదు. ఒక తాత బడికి వచ్చి, నేల మీద పుల్లతో గీసి చూపించాడు. పిల్లలు మట్టితో బావి కట్టారు, దారపు రీలుతో గిలక పెట్టారు, పాత సైకిలు ట్యూబుతో తోలు బాన చేశారు. నీళ్లు పైకి రాకముందే కారిపోతున్నాయి. తాత నవ్వి, రెండో తాడేదిరా అన్నాడు. బానకు కింద తొండం ఉంటుంది. ఎద్దులు లాగే మోకు బాననంతా పైకి తెస్తుంది. సన్నతాడు తొండాన్ని మడిచి పైకెత్తి పట్టుకుంటుంది. గట్టు చేరాక తొండం దొనె మీద వాలి, నీళ్లు వాటంతటవే కాలవలోకి పడతాయి. వంగి గుమ్మరించే మనిషి అక్కర్లేదు. పిల్లలు సన్నతాడు కట్టి మళ్లీ లాగారు. నీళ్లు దొనెలో పడ్డాయి. ఆ అరుపులకు పక్క గది టీచరు పరిగెత్తుకొచ్చింది. అంత చిన్న ఏర్పాటులో ఎంత తెలివి ఉందో, అది కనిపెట్టినవాళ్లు ఏ బడిలోనూ చదవలేదన్న సంగతీ, ఆ తాతను కూర్చోబెట్టుకునే మాట్లాడుకున్నాం.

తర్వాత లోతు తగాదా. ఎనిమిది నిలువులు అంటే ఎన్ని అడుగులు? నిలువు అంటే మనిషి ఎత్తు. ఏ మనిషి? మా తాత నిలువా, మీ నాన్న నిలువా? ఊళ్లో ఒక పదిమంది పెద్దవాళ్లను గోడకు నిలబెట్టి కొలిచారు. ఐదుకీ ఆరుకీ నడుమ వచ్చాయి. ఇద్దరు తండ్రులు తోడు వస్తే, ముళ్లు వేసిన చేంతాడును నేనే బావిలోకి వదిలి, నిలువుల లెక్కకూ అడుగుల లెక్కకూ ఎంత తేడా వస్తుందో చూశాం. సగటు అన్న మాట నేను చెప్పకముందే ఆ అవసరం వాళ్లకు వచ్చింది.

చివరికి బడి ముందర కళ్లాపి చల్లి, ముగ్గుపిండితో ఊరి పటం వేశారు. చెరువు, వంక, దారులు, పొలాలు. నీళ్లున్న బావి దగ్గర కొబ్బరిచిప్పలో నీళ్లు పోసి పెట్టారు, ఎండిన బావి దగ్గర రాయి పెట్టారు, బోరు దగ్గర పుల్ల గుచ్చారు. పెట్టి లేచి చూస్తే, చిప్పలన్నీ చెరువు కట్ట కింద ఉన్నాయి. రాళ్లన్నీ పుల్లల పక్కన ఉన్నాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ పాప మాత్రం తమ బావి దగ్గర రాయిని, దాని చుట్టూ ఉన్న పుల్లలను ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టింది. సాయంత్రం తల్లులు, తండ్రులు వచ్చి ఆ పటం చుట్టూ నిలబడి చాలాసేపు వాదులాడుకున్నారు. చెరువుకు పూడిక తియ్యాలన్న మాట ఆ రోజు అక్కడ వచ్చింది.

ఇలాంటి పని ఒక టీచరు ఓపిక మీద కాకుండా ఒక పద్ధతిగా నిలబడగలదా అన్నదానికి జవాబు మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో చూశాను. జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన ఆ పేరున్న పాఠశాల చుట్టూ పల్లెల్లో, 1980ల నుంచి పద్మనాభరావు, రమ దంపతులు చిన్న చిన్న ఊరిబడులు నడిపారు. ఒకే టీచరు, అన్ని తరగతులు, అన్ని వయసులు. పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి వందల కార్డులుగా చేశారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. ఏ మెట్టు మీద ఉన్నాడో ఆ గుర్తున్న కార్డు పిల్లవాడు తనే తీసుకుంటాడు. కొన్ని మెట్లు టీచరుతో, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. జ్వరం వచ్చి వారం రాని పిల్లవాడు ఎక్కడ ఆగాడో అక్కడి నుంచే మొదలుపెడతాడు, వెనకబడ్డావన్న మాటే రాదు. నేల మట్టానికి నల్లబల్లలు, ఒక్కొక్కరికి కొంత చోటు. మెట్రిక్ మేళా పేరుతో ఊరివాళ్ల బరువులు, ఎత్తులు, సరుకులు పిల్లలే తూచి కొలిచేవాళ్లు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో మొదలైన నలికలి, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కృత్యాధార పద్ధతి, రెండూ ఈ మదనపల్లె పల్లెబడుల నుంచే నేర్చుకున్నాయి. మన ఇంట్లో పుట్టిన పద్ధతిని పొరుగు రాష్ట్రాలు అందుకున్నంత గట్టిగా మనం అందుకోలేదన్నది నా బాధ.

1996లో మన రాష్ట్రానికి జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ), 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చాయి. టీచరుకు ఏడాదికి 500 రూపాయలు బోధనోపకరణాల (టీఎల్ఎం) కోసం ఇచ్చారు. అది మంచి పనే. అయితే ఖర్చుకు రసీదు కావాలి. చింతగింజలకు రసీదు ఎవరిస్తారు? ఇసుకకు ఎవరిస్తారు? చార్టులు, థర్మాకోలు, రంగు కాగితాలు అయితే దుకాణంలో బిల్లు ఇస్తారు. కొద్ది ఏళ్లలో తరగతి గదులన్నీ మెరిసే థర్మాకోలు బొమ్మలతో నిండాయి. టీఎల్ఎం మేళాల్లో వాటికి బహుమతులు వచ్చాయి. వాటిని చేసింది టీచర్లు, చూసింది అధికారులు. పిల్లలకు ముట్టుకునే వీలు లేదు, విరిగిపోతాయి.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా చదువు చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టమే అంది. అప్పుడు వచ్చిన కొత్త పాఠ్యపుస్తకాలు నిజంగా బాగున్నాయి. ‘మనం - మన పరిసరాలు’ పుస్తకంలో ప్రతి పాఠం పిల్లవాణ్ని ఊళ్లోకి పంపించేది, ఎవరినో ఏదో అడగమనేది. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులు పెట్టారు. మార్కులు పెట్టిన వెంటనే ప్రాజెక్టు ఇంటికి వెళ్లిపోయింది. కూలికి వెళ్లి వచ్చిన తల్లి రాత్రి పూట ఫ్యాన్సీ షాపు దగ్గర నిలబడి, మా వాడికి ‘జంతువులు’ చార్టు కావాలంట అని అడగడం నేను చూశాను. ఇంటి వెనక మేకలు, కోళ్లు, కుక్క ఉన్నాయి. వాటి గురించి ఆ పిల్లవాడు గంట సేపు చెప్పగలడు. ఏ మేక ఎప్పుడు ఈనిందో, ఏ ఆకు తింటుందో, ఏది తింటే కడుపుబ్బుతుందో వాడికి తెలుసు. రికార్డులో అతికించింది మాత్రం జిరాఫీ బొమ్మ.

ఫలితాలను బట్టి గ్రాంటు, నూలు తూకం పుస్తకం, స్టాక్ రిజిస్టరు, రసీదు, ప్రాజెక్టు మార్కు. వీటన్నిటి కాగితాలు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉన్నాయి. ముగ్గుపిండితో వేసిన బావుల పటం రెండు రోజులకు గాలికి పోయింది. దాన్ని ఒక బ్రౌన్ పేపరు మీద పిల్లలు ఎక్కించారు, అది బడికి సున్నం వేసినప్పుడు పోయింది. మా నాన్న విద్యార్థులు వడికిన చిలప ఒక్కటీ మిగల్లేదు. ఏపీపీఈపీ కాలంలో వేలమంది టీచర్లు ఉపాధ్యాయ కేంద్రాల్లో రాసుకున్న నోట్సుల్లో మా తెలుగు పిల్లలు నిజంగా ఏం చేశారో ఉంది: పాటలు, ఆటలు, మట్టిబొమ్మల కొలతలు, పిల్లలు అడిగిన ప్రశ్నలు. ఆ తరం టీచర్లు ఇప్పుడు ఒక్కొక్కరుగా రిటైరై ఇళ్లు సర్దుకుంటున్నారు. నేను అనంతపురం, కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు తెలిసినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ నోట్సులు అడిగి తీసుకుంటున్నాను. కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని పాతపేపర్లవాడి తక్కెడలోంచి తెచ్చినవి. వాటిలో చింతగింజల ఆటే ఊరికో రకంగా ఉంది. ఒకచోట సీతాఫలం గింజలతో, ఒకచోట వేరుశనగ పొట్టుతో ఆడించారు. ఒక టీచరు మార్జిన్‌లో పిల్లల పేర్లు రాసి, ఎవరు ఏ రోజు సున్న కనిపెట్టారో తేదీ వేసింది. మీ ఇంట్లో అటక మీద అలాంటి పుస్తకం ఉంటే అమ్మకండి. జిల్లా గ్రంథాలయానికో, మీ ఊరి బడికో ఇవ్వండి. ఇచ్చే ముందు మొదటి పేజీలో ఊరి పేరు, ఏడాది రాయండి.